కదలని లైను, కదిలిన హెల్మెట్

"రేపు రైడుంది నాయనా" అంది రెడ్డిరాణి.

"రైడా? ఎవురింటి మీద?" గంగులప్ప కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "మండీలో ఏమన్నా గోల్‌మాల్ జరిగిందా మే? నువ్వు దేంట్లోనూ సంతకం పెట్టలేదు కదా?"

అది అధికారులొచ్చి చేసే రైడు కాదనీ, మోటార్‌సైకిళ్ళ మీద గుంపుగా కొండెక్కే రైడనీ, దాన్నే ర్యాలీ అని కూడా అంటారనీ కూతురు చెప్పింది. ర్యాలీ అనగానే ఆయన ఇంకో తప్పుదారి పట్టాడు. "ఏ పార్టీది?" అన్నాడు. ఏ పార్టీదీ కాదని నమ్మించేసరికి కాఫీ చల్లారింది, ఆయన వేడెక్కాడు. ఇదంతా నేను గోడ మేకుకు వేలాడుతూ విన్నాను. నాకూ సగమే అర్థమైంది. జెండా లేని ర్యాలీ ఏమిటి, సోదా లేని రైడేమిటి!

నేనొక హెల్మెట్‌ని. పండితులైతే శిరస్త్రాణం అంటారు. మనుషుల తలలకు త్రాణం నేను. పెట్టుకునే త్రాణ మాత్రం వాళ్ళకుండదు. ప్లాస్టిక్ గింజలు కరిగించి అచ్చులో పోస్తే పుట్టాను. లోపల తెల్లటి థర్మోకోల్, దాని మీద నల్లటి మెత్త, గడ్డం కింద ఒక పట్టీ, నెత్తి మీద ఒక స్టిక్కరు. మనుషులకు తలరాత కనపడదంటారు. నాది సైజుతో సహా అచ్చేసి అంటించారు.

మదనపల్లె రోడ్డు పక్కన టార్పాలిన్ పట్ట మీద నన్నూ నా తోబుట్టువులనూ రాశి పోసి అమ్మారు. దూరం నుంచి చూసినవాళ్ళు గుమ్మడికాయలనుకుని బేరానికి వచ్చేవాళ్ళు. దగ్గరికొచ్చాక మేమేమిటో తెలిసి, మా అవసరం ఏమిటో తెలియక వెళ్ళిపోయేవాళ్ళు. ముందు మలుపులో పోలీసులు ఆపుతున్నారని కబురొచ్చిన రోజున మాత్రం మాకు పెళ్ళిచూపులు, పెళ్ళి, అప్పగింతలు అన్నీ ఒక్క నిమిషంలో అయిపోయేవి.

నన్ను అలా కట్టుకుపోయినవాడు ఒక లెక్కల మాస్టారు. ఆయన నన్ను మోచేతికి తొడిగేవాడు. మనిషికి మెదడు మోచేతిలో ఉంటుందని చాలాకాలం నమ్మాను. పోలీసు కనపడగానే తల దూర్చకుండా నెత్తి మీద ఆనించుకునేవాడు, మలుపు తిరగ్గానే దించేసేవాడు. పిల్లలకు లెక్కలు తలకెక్కడం లేదని రోజూ విసుక్కునే మనిషికి నేనూ తలకెక్కలేదు. ఒకరోజు టమోటా మండీకి వచ్చి టమోటాలు తీసుకుని, నన్ను మరిచిపోయి వెళ్ళాడు. మండీ వాళ్ళు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి శాంపిల్ కాయలు పోశారు. అప్పటి నుంచి టమోటానే తల అనుకున్నాను. ఎర్రగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది, రేటు పడిపోతే ఎవరికీ అక్కర్లేదు. తలకూ దానికీ పెద్ద తేడా ఏముందిలే అనుకున్నాను.

ఒక్క మేలు జరిగింది. ఇన్నాళ్ళూ ఎవరూ పెట్టుకోలేదు కాబట్టి నాకు ఏ దెబ్బా తగల్లేదు. మనుషుల నిర్లక్ష్యం వల్ల ఆరోగ్యంగా మిగిలిన వస్తువు లోకంలో నేనొక్కదాన్నే కాబోలు.

ఆ మండీలో తూకాలు రాసే అమ్మాయే రెడ్డిరాణి. జీతంలో కూడబెట్టి ఒక పాత మోటార్‌సైకిల్ కొనుక్కుంది. కొన్న మర్నాడే యజమానిని అడిగి, నాలోని టమోటాలు గంపలో కుమ్మరించి, నన్ను సబ్బుతో కడిగి, కొత్త పట్టీ, కొత్త మెత్త వేయించి నెత్తిన పెట్టుకుంది. ఒక్కసారిగా నా లోపల చీకటయింది. వెచ్చగా, కొబ్బరినూనె వాసనతో, గట్టిగా ఏదో వచ్చి కూర్చుంది. తలంటే ఇదా! అది మాట్లాడుతోంది, పాడుతోంది, బండి గతుకులో పడ్డప్పుడు నా గోడకు గుద్దుకుని "అమ్మా" అంటోంది. టమోటా ఏనాడూ అమ్మా అనలేదు.

ఆమె నాయన గంగులప్ప రిటైరైన బస్సు కండక్టరు. ఆయన సర్వీసంతా ఒకే ధర్మం మీద నడిచింది. కిటికీలోంచి టవలు విసిరితే ఆ సీటు ఆ టవలుది. టవలైనా, కర్చీఫైనా, కూరగాయల సంచైనా సరే, ముందు పడ్డదానిదే హక్కు. రోజూ బస్సులో ఈ తగాదాలే. అన్నిటికీ ఆయనే జడ్జి. "మనిషి అబద్ధం చెప్తాడు. టవలు చెప్పదు" అని తీర్పిచ్చేవాడు.

అంతటి న్యాయమూర్తికి కూతురు బండి మాత్రం న్యాయంగా కనపడలేదు. దాన్ని ఆయన బండి అనడు, "ఆ గుర్రం" అంటాడు.

"ఊర్లోకి మండీకి పోయి వస్తా ఉండావు, చదును రోడ్డు కదా అని ఊరుకున్నా. కొండంటే ఊరుకునేది లేదు" అన్నాడు ఆ సాయంత్రం.

"ఆడోళ్ళు, మొగోళ్ళు, డాక్టర్లు, అందురూ వస్తారు నాయనా. రూల్స్ ఉంటాయి. నువ్వూ వచ్చి చూడు."

గంగులప్ప చాలాసేపు మీసం తడుముకున్నాడు. "సరే, వస్తా. నా కండ్లతో చూస్తా. నువ్వు పద్ధతిగా ఎక్కి, పద్ధతిగా దిగితే ఆ గుర్రం నీది. లేదంటే దాన్ని పుంగనూరుకు, మీ చిన్నాయన కాడికి తోలేస్తా. మళ్ళ నన్నడగాకు. మాటేనా?"

"మాటే" అంది రాణి.

మర్నాడు నెమలిగుట్ట కింద మైదానానికి చేరాం. ఇలాంటి ర్యాలీలకు వెళ్ళాలని తలపెట్టేవారికి, తల పెట్టించుకునేదాన్ని కాబట్టి, నాలుగు ముక్కలు చెబుతాను. మీ బండిని చింతతోపులో పెట్టి, పెట్టిన చోటు గుర్తుంచుకోండి; సాయంత్రానికి అక్కడ అన్నీ మీ బండిలాగే కనపడతాయి. బండికి స్టాండుంటుంది, మీకుండదు, అందుకని కూర్చోవడానికి ఒక దుప్పటి తెచ్చుకోండి. రైడర్ల బండ్లను చూడండి, తాకకండి. ఎక్కి ఫొటో దిగాలనుకుంటే ఫొటో కంటే ముందు మిమ్మల్నే దింపుతారు. చంటిపిల్లల చెవుల్లో దూది పెట్టండి. సైలెన్సర్ అని ఎవరు పేరు పెట్టారో గానీ అక్కడ సైలెన్సూ ఉండదు, దాన్ని ఊడదీసినవాడికి సెన్సూ ఉండదు. తాగి రావద్దు, తాగడానికి నీళ్ళు మాత్రం తెచ్చుకోండి. మలుపుల్లో నిలబడి వీడియోలు తీయవద్దు. అక్కడ బండి మలుపు తిరగకపోతే మీ బతుకు తిరుగుతుంది. కోతులకు ఏమీ పెట్టవద్దు. పెట్టకపోయినా అవి తీసుకుంటాయి, అది వేరే సంగతి.

ఇవన్నీ గేటు దగ్గర ఫ్లెక్సీ మీద 'చూడవచ్చినవారికి సూచనలు' అని రాసి కట్టారు. గంగులప్ప నిలబడి మొత్తం చదివాడు. కళ్ళు మూసుకుని ఒకసారి ఒప్పజెప్పుకున్నాడు కూడా. రైడర్లకు వేరే ఫ్లెక్సీ ఉంది, తాడు కట్టిన అవతల. 'చూడవచ్చినవారు తాడు దాటరాదు' అని మొదటి దాంట్లోనే ఉంది కాబట్టి, రూలు ప్రకారమే ఆయన ఆ రూళ్ళు చదవలేదు.

తాడు లోపల పెత్తనమంతా వేణుమాధవ్ అనే ఆయనది. తిరుపతిలో పళ్ళ డాక్టరు. వృత్తి నోళ్ళు తెరిపించడం, ఇక్కడ పని నోళ్ళు మూయించడం. లైసెన్సు చూశాడు, బూట్లు చూశాడు, బ్రేకు నొక్కి చూశాడు, నా పట్టీ పట్టుకుని పన్ను పీకినట్టు లాగి చూశాడు. నేను ఊడి రాలేదు. తర్వాత రైడర్లందరినీ నిలబెట్టి చెప్పాడు.

"కొండ రోడ్డు సన్నం. అందుకే ఇంతమందేనని లెక్క పెట్టుకున్నాం. తాడు పక్కన సుద్దగీత ఉంది. వచ్చిన వరసలో ఆ గీత మీద హెల్మెట్లు పెట్టి షామియానాలోకి రండి, మలుపుల సంగతి చెప్పాలి. విజిల్ ఊదగానే ఎవరి హెల్మెట్ వెనక వాళ్ళు నిలబడాలి. హెల్మెట్ లేని చోట మనిషి లేనట్టే. ఆ చోటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకు పోతుంది. భోజనం కొండ దిగినాకే. నిండు కడుపుతో మలుపులు తిరిగితే కడుపు కూడా తిరుగుతుంది."

రాణి నన్ను గీత మీద పెట్టి, ఒకసారి తట్టి, లోపలికి వెళ్ళింది. నా ముందొక ఎర్ర హెల్మెట్, వెనకొక నల్ల హెల్మెట్. ఇన్ని హెల్మెట్లను ఒకేచోట, ఒక్క తలకాయా లేకుండా, రోడ్డు పక్క టార్పాలిన్ మీద తప్ప నేనెప్పుడూ చూడలేదు. మళ్ళీ అమ్మకానికి పెట్టారేమోనని నా గుండె, ఉంటే, ఆగిపోయేది.

అంతలో మైకు పలికింది. "చూడవచ్చినవారికి భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. దయచేసి వరుసలో రండి."

వరుస అనగానే జనం ఏం చేస్తారో మీకు తెలుసు. మనుషులు చెట్టు నీడకు పోయారు, వస్తువులు వరుసలో నిలబడ్డాయి. గంగులప్ప తాడు వెంబడి నడుచుకుంటూ వచ్చి నా ఎదుట ఆగాడు. గీత పొడుగునా బారుగా హెల్మెట్లు. మనుషులు లేరు. ఆయన కళ్ళకు అది ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"అన్నం లైను" అన్నాడు తనలో తాను.

కాసేపు చూశాడు. లైను కదల్లేదు. ముందుకు పోయి చూశాడు. అక్కడ వడ్డించేవాళ్ళు లేరు. మైదానం అటు చివర పొయ్యిల దగ్గర ఇంకో లైను సంచులతో, సీసాలతో చకచకా కదులుతోంది.

"పిచ్చి బిడ్డ! కదలని లైన్లో పెట్టిందే" అన్నాడు జాలిగా. "పొద్దున్నుంచి ఒక్క టీ నీళ్ళ మీద ఉండాది. ఖాళీ కడుపుతో కొండెక్కితే కండ్లు తిరగవా?"

తాడు దాటకూడదు కాబట్టి దాటలేదు. తాడు కింద నుంచి చెయ్యి పెట్టి నన్ను తీశాడు.

అటు లైన్లో నన్నొక నీళ్ళ సీసాకూ గొడుగుకూ మధ్య పెట్టి, రాణిని పిలుచుకురావడానికి షామియానా వైపు వెళ్ళాడు. తాడు ఇవతల నుంచి చేతులూపుతూ, దగ్గుతూ నిలబడ్డాడు. లోపల వేణుమాధవ్ నోళ్ళు తెరవనివ్వడం లేదు, తలలు కూడా తిప్పనివ్వడం లేదు.

ఇక్కడ లైను కదులుతూనే ఉంది. వెనకాలున్న గొడుగు యజమానురాలు వచ్చి, కాలితో నన్ను కొంచెం కొంచెం ముందుకు జరిపింది.

"ఎవురిదమ్మా ఆ హెల్మెట్?" అన్నారెవరో.

"ఎవురిదైతే నీకేలప్పా? లైన్లో ఉండాది కదా" అందామె. ఆ మాటకు తిరుగులేదు. నన్ను దాటి ఒక్కరూ ముందుకు పోలేదు. మనిషి నిలబడి ఉంటే తోసుకుని పోయేవాళ్ళే, నాకు మాత్రం మర్యాదగా దారిచ్చారు.

పొయ్యి దగ్గర గరిటె పట్టుకున్నావిడ ఓబులమ్మ. నన్ను చూసి గరిటె ఆపింది.

"ఇదేందమ్మా, మనిషి యాడ?"

"వస్తాడ్లే. వానికి పెట్టు, మాకు ఆకలైతా ఉండాది" అంది గొడుగావిడ.

ఓబులమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. నన్ను వెల్లకిలా తిప్పి, లోపల ఆకు పరిచి, రాగిసంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి నాటుకోడి పులుసు పోసింది. నిజం చెప్పొద్దూ, గుండ్రంగా, వెచ్చగా, బరువుగా వచ్చి కూర్చుంటే రాణి తలే అనుకున్నాను. పులుసు కారి మెత్తలోకి దిగాక గానీ అనుమానం రాలేదు.

అప్పుడు విజిల్ మోగింది.

గంగులప్ప పరుగున వచ్చి, నన్ను రెండు చేతులా పళ్ళెంలా పట్టుకుని, పులుసు ఒలకకుండా నడిచాడు. మేం చేరేసరికి గీత దగ్గర రైడర్లు బారుగా నిలబడి ఉన్నారు. రాణి మాత్రం గీత మీద ఒక ఖాళీ చోటు వెనక నిలబడి ఉంది.

"ఈడే పెట్టినాను సార్! మీరూ చూసినారు!"

"చూశానమ్మా. ఇప్పుడు లేదు కదా" అన్నాడు వేణుమాధవ్. "రూలంటే రూలే. వెయిటింగ్‌లో ఎవరు?"

కదిరి నుంచి వచ్చిన ఖాదర్‌వలీ అనే పెద్దమనిషి ఇబ్బందిగా నవ్వుతూ తన హెల్మెట్ తెచ్చి ఆ ఖాళీలో పెట్టాడు.

"తిను మే, తొందరగా తిను" అంటూ గంగులప్ప తాడు మీదుగా నన్ను అందించాడు. "వేడిగా ఉండాది. నీ వంతు వచ్చేసింది."

రాణి నా వైపు చూసింది. సంగటి వైపు చూసింది. నాయన వైపు చూసింది.

"నువ్వే తీసినావా నాయనా?"

"నేను కాక ఇంకెవురు తీస్తారు? నీ కోసరమే..."

"వద్దనుకుంటే నేరుగా చెప్పుండొచ్చు కదా." ఆమె అరవలేదు. అరిచుంటే బాగుండేది. "ఇట్ల చేసేదానికి ఇంత దూరం రావల్నా? ఇంటి కాడే తాళంచెవి తీసి పెట్టుకోనుంటే సరిపోయేది. ఇదో, నేనే ఇస్తాండా. పుంగనూరుకు తోలెయ్."

బండి తాళంచెవి తీసి ఆయన చేతుల్లో ఉన్న నా అంచు మీద పెట్టింది.

గంగులప్పకు ఏమీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఇద్దరం నోరు తెరుచుకుని ఉన్నాం. నా నోట్లో సంగటైనా ఉంది, ఆయన నోట్లో మాటే లేదు. వేణుమాధవే గీత సంగతి చెప్పాడు. అది అన్నం లైను కాదనీ, రైడర్ల వరసనీ, విజిల్ సమయానికి హెల్మెట్ లేకపోతే చోటు పోతుందనీ. వింటుంటే గంగులప్ప మొహం బస్సు తప్పిపోయినవాడి మొహంలా అయింది.

"సార్, ఆ మైకు ఒకసారి ఇస్తారా?" అన్నాడు చివరికి.

ఇచ్చారు. ఆయన దాన్ని నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నాడు. మైదానమంతా కీచుమంది.

"అయ్యా, అందురికీ చెప్తా ఉండా. ఈ బిడ్డ హెల్మెట్ తీసింది నేను. నేను కండక్టర్ని. నా జన్మంతా టవళ్ళు చూసినోణ్ణి. ఈడ హెల్మెట్లు బారుగా ఉండాయి, మనుషులు లేరు. అన్నం లైననే అనుకున్యా. ఎంతసేపు చూసినా కదల్లేదు. నా బిడ్డ తెలీక ఆగిపోయిన లైన్లో పెట్టిందేమోనని తీసకపోయి కదిలే లైన్లో పెట్టినా. ఆ బిడ్డ నన్ను అనుమానించింది. నేను కొండెక్కొద్దన్న మాట నిజం. అట్లని దొంగచాటుగా ఆపేటోణ్ణి కాదు."

తర్వాత జనంలోంచి ఒకావిడ గొంతు లేచింది.

"అయితే ఇది అన్నం లైను కాదా? మా ఆయన టవలు ఈడే పెట్టినానే!"

"నా చెప్పులు కూడా ఈడే ఉండాయి!"

అందరూ గీత చివరకు తిరిగారు. ఆఖరి హెల్మెట్ వెనక, సుద్దగీత ఆగిపోయిన చోట నుంచి, ఒక టవలు, రెండు జతల చెప్పులు, ఒక స్టీలు క్యారియరు, వంకాయల సంచి, దాని వెనక ఇంకా ఏవేవో వినయంగా బారులు తీరి ఉన్నాయి. అవన్నీ ఎప్పటి నుంచో కొండెక్కడానికి సిద్ధంగా ఉన్నట్టున్నాయి. పళ్ళ డాక్టరు నోరు తెరవడం నేనప్పుడే చూశాను. ముందు నవ్వింది గరిటెతోనే వెంట వచ్చిన ఓబులమ్మ. ఆ తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. రాణి నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చి, దేన్ని ముందు తుడుచుకోవాలో తెలియక చేతిని మొహం మీద పెట్టుకుంది.

"నాయనా..." అంది.

ఖాదర్‌వలీ వంగి తన హెల్మెట్ తీసుకోబోయాడు. "దా తల్లీ, నీ చోటు నువ్వు తీసుకో. టవలేసినోళ్ళు వస్తే లేచేది మామూలే కదా."

"వద్దు అన్నా, ఉండు" అన్నాడు గంగులప్ప. చేతిలో ఇంకా మైకు ఉంది. "టవలు తీసినాక సీటు పోయినట్టే. తీసినోడు ఎవురైనా సరే. ఎంతమందికో ఈ మాటే చెప్పినా. నా బిడ్డ వచ్చిందని మార్చేది లేదు."

రాణి తలవంచుకుంది. ఆయన వేణుమాధవ్ వైపు తిరిగాడు.

"కానీ సార్, సీట్లు నిండినాయని నేను ఎప్పుడూ ఎవుర్నీ దింపలేదు. నిలబడేదానికి యాడో ఒకచోట చూపించినా. నా బిడ్డకు కూడా అట్లాంటి చోటు ఏమన్నా ఉంటే చూడండి. వెనకైనా సరే. కిటికీ పక్క అవసరం లేదు."

కొండ వద్దన్న మనిషే కొండ మీదికి చోటు అడుగుతున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలిసిందో లేదో నాకు తెలియదు.

వేణుమాధవ్ బుగ్గ గోక్కున్నాడు. "చివర ఒక బండి పోవాలి, మందుల పెట్టె కట్టుకుని. అది లెక్కలో లేదు. అందరి దుమ్మూ దానికే. ఎవరి బండి ఆగితే వాళ్ళతో పాటు ఆగాలి. పొద్దున్నుంచి అడుగుతున్నా, ఎవరూ ముందుకు రాలేదు."

"నేను పోతా సార్" అంది రాణి.

అని నాయన వైపు చూసింది. గంగులప్ప సంగటి ఆకు తీసి ఓబులమ్మ చేతికిచ్చాడు. భుజం మీది కండువాతో నా లోపలంతా తుడిచాడు, మూలల్లోకి వేలు పెట్టి మరీ. తర్వాత నన్ను రాణి నెత్తిన పెట్టాడు. పెట్టాడు గానీ వెనక్కి పెట్టాడు. లోకమంతా నాకు తిరగబడింది. రాణికి నా వెనక గోడ తప్ప ఏమీ కనపడలేదు.

"అటు కాదు నాయనా."

"ఓ, ఇట్లనా" అని తిప్పాడు. పట్టీ బిగించి, బిగిసిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. పళ్ళ డాక్టరు కంటే గట్టిగా. ఆ తర్వాత తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

బండ్లు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. ఖాదర్‌వలీ పోతూ పోతూ చెయ్యి ఊపాడు. దుమ్ము లేచింది. అందరూ పోయాక చివరికి మేం మిగిలాం. వెనక మందుల పెట్టె, లోపల కొబ్బరినూనె, దాని మీద నాటుకోడి పులుసు వాసన. రాణి ఇంజను స్టార్ట్ చేసి, గేరు వేసి, అయినా కదలకుండా కూర్చుంది. దేని కోసమో నాకు అర్థం కాలేదు. గంగులప్పకు అర్థమైంది.

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. టైర్లు చూశాడు, మందుల పెట్టె తాడు చూశాడు. సీటు వెనక అరచేత్తో ఠపా ఠపా రెండు దెబ్బలు కొట్టాడు.

"రైట్! పోనీ!"

బండి కదిలింది. అలవాటు చొప్పున ఆయన కూడా పక్కనే నాలుగడుగులు పరిగెత్తాడు. కమ్మీ అందుకోవడానికి చెయ్యి చాచాడు, ఎక్కడానికి కాలు ఎత్తాడు. మోటార్‌సైకిల్‌కు కమ్మీ లేదు, ఫుట్‌బోర్డూ లేదు. అద్దంలో చూశాం, నేనూ రాణీ. ఎత్తిన కాలు దించుకుని, చాచిన చేతిని మాత్రం అలాగే పైకి ఉంచి, దుమ్ములో ఆగిపోయాడు గంగులప్ప.

బస్సు పోతూ ఉంటే స్టాపులో మిగిలిపోయిన కండక్టరును నేను చూడడం అదే మొదలు. మొదటి మలుపు వచ్చింది. రాణి పద్ధతిగా తిరిగింది.